గంజి పెట్టిన పుస్తకాలు

గద్వాల సాలెవాడలో తిమ్మప్పను అందరూ పిచ్చోడనే అనేవారు. అనరా మరి? పండక్కి ఒంటిమీద కొత్త పంచె లేకపోయినా పట్టించుకోడు గానీ, కర్నూలు నుంచి రావలసిన పత్రిక నాలుగు రోజులు ఆలస్యమైతే చాలు, మనిషికి అన్నం సయించదు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడన్న మాటే గానీ చెవులు రెండూ వీధిలోనే ఉంటాయి. పత్రిక తెచ్చే చీరల బేరగాడు వెంకటన్న గుమ్మంలో మూట దించిన చప్పుడైతే, పోగు తెగిందో లేదో కూడా చూసుకోకుండా పోగు నడిపే నాడె అక్కడే పడేసి ఉరికేవాడు.

ఆ పత్రిక పేరు వింతలోకం. బెజవాడలో అచ్చయ్యేది. అందులో వజ్రకేతు అనే ఆయన ‘ముత్యాల లోయ’ అని ఒక కథ నెలనెలా రాసేవాడు. రాజ్యం పోగొట్టుకున్న విజయాంకుడు, పడవ నడుపుకునే లవంగి అనే పిల్ల, ఇద్దరూ కలిసి సముద్రం అడుగుకు దిగిపోతారు. అక్కడ రాక్షసులు, మాట్లాడే శంఖాలు, నీళ్లలో మండే దీపాలు! తిమ్మప్ప బతుకులో సముద్రం చూసినవాడు కాదు. బీచుపల్లి దగ్గర కృష్ణ నిండుగా పారుతుంటే చూశాడు, అంతే. అయితేనేం, లవంగి పడవ మునిగిన నెల రోజులూ అతనికి ఊపిరాడలేదు. పక్కన కూర్చుని పట్టంచు నాడె అందించే పెళ్లాం సుగుణమ్మకు చీర నేసినంతసేపూ ఆ కథే చెప్పేవాడు. ఆమె మొదట్లో విసుక్కునేది. తర్వాత తర్వాత ఆమే అడగడం మొదలుపెట్టింది.

“ఇగ సెప్పు. ఆ పిల్ల బత్కిందా, సచ్చిందా?”

“నాకేం ఎర్క? వచ్చే నెల తెలుస్తది.”

“ఏం మనిషయ్యా ఆ రాసెటోడు! మంచి జాగల ఆపి మనల్ని పరేషాన్ చేస్తడు.”

చదవడంతో సరిపెట్టుకునే రకమైతే తిమ్మప్పను ఎవరూ పిచ్చోడనేవారు కాదు. అతనికి అన్ని సంచికలూ కావాలి. అతను చదవడం మొదలుపెట్టకముందు వచ్చినవీ కావాలి, తన దగ్గర ఉన్నవాటికి జతలూ కావాలి. ఒకటి చెడితే మరొకటి ఉండొద్దా అనేవాడు. కర్నూలు దుకాణంలో మిగిలిపోయిన పాతవన్నీ ఊడ్చి తెమ్మని వెంకటన్నకు చెప్పాడు, వెంకటన్న తెచ్చి పడేశాడు. ఆత్మకూరులో కిరాణం కొట్టువాడు శొంఠి పొట్లాలు కట్టడానికి పెట్టుకున్న కట్టలో రెండు దొరికితే, ఆ కొట్టువాణ్ని నానా తిట్లూ తిట్టి మరీ తెచ్చుకున్నాడు. మల్దకల్ జాతరలో బొమ్మల అంగడి వెనక తడిసిపోతున్న సంచిక ఒకటి కనిపిస్తే, దేవుడి దర్శనం సంగతి మరిచిపోయి దాన్ని గుండెకు అదుముకుని ఇంటికొచ్చాడు. వనపర్తిలో సామ్యూల్ అనే బడిపంతులు బుద్ధి పుట్టినప్పుడల్లా పిల్లలకు ఈ కథ చదివి వినిపిస్తాడని తెలిసి అక్కడికీ వెళ్లాడు. సామ్యూల్ ఇవ్వనన్నాడు. తిమ్మప్ప తన చేత్తో నేసిన అంచు కండువా ఆయన భుజం మీద కప్పి, కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. పంతులు మెత్తబడ్డాడు.

నాగర్‌కర్నూల్లో మాత్రం అంత తేలిగ్గా కాలేదు. అక్కడి దవాఖానలో కాన్పులు చేసే ఎస్తేరమ్మ దగ్గర మొట్టమొదటి సంచిక ఉంది. అది గద్వాలలో లేదు, కర్నూల్లో లేదు, ఎక్కడా లేదు. తిమ్మప్ప దవాఖాన అరుగు మీద పొద్దంతా కూర్చున్నాడు.

“నేను మల్లమల్ల సద్వుకుంట గదా నాయనా దాన్ని,” అంది ఎస్తేరమ్మ. “కాన్పుల కాడ రక్తం జూసి జూసి ఇంటికొచ్చినంక జర మనసు బాగ్గావాలంటే నాకు అదే దిక్కు.”

“నా తాన పైలంగ ఉంటదమ్మా. నీ తాన ఎలుకలు గొడ్తయి, పోరగాండ్లు చింపుతరు. నీకు ఎప్పుడు సద్వాలన్పిస్తే అప్పుడు గద్వాల రా, మా ఇల్లు నీ ఇల్లే అనుకో.”

చివరికి ఆమె ఇంటికి పోయి తెచ్చి అతని చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. తిమ్మప్పకు ఒక్క క్షణం మనసు చివుక్కుమన్నది. అయితే అట్ట మీద లవంగి పడవ బొమ్మ చూసేసరికి ఆ చివుక్కు కాస్తా ఎటో పోయింది. దారిపొడుగునా నవ్వుకుంటూ వచ్చాడు, ఎడ్లబండి తోలేవాడు ఇతనికేమన్నా పట్టిందేమో అని అనుమానంగా చూశాడు.

ఇంతా చేస్తే ఆ కాగితం ఉత్త నాసిరకం. పుటలు వేలు తగిలితే విరిగేలా ఉండేవి, మడత దగ్గర పోగులు పోగులుగా లేచిపోయేవి. తిమ్మప్ప వాటిని చేతిలో పట్టుకుని బెంగపడ్డాడు. అప్పుడు అతనికొక ఆలోచన వచ్చింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ అతను చూస్తున్నదేమిటి? పల్చటి నూలు ఊరికే తెగుతుంది. పడుగును వీధిలో బారుగా చాపి గంజి పట్టించి కుంచెతో దువ్వితే, అదే నూలు మగ్గం మీద ఎంత దెబ్బకైనా ఓర్చుకుంటుంది. దారానికి బలమిచ్చేది కాగితానికి ఇవ్వదా?

సుగుణమ్మ గంజి కాచింది. బియ్యపు గంజి, ఉండలు లేకుండా పాత పంచెలో రెండుసార్లు వడకట్టింది. తిమ్మప్ప సంచికల కుట్లు విప్పి, ఒక్కో పుటకూ రెండు వైపులా మెత్తటి కుంచెతో పట్టించి, నీడన తాడు మీద ఆరేసి, బండ కింద పెట్టి, మళ్లీ కుట్టాడు. అట్టలకు మాత్రం పెట్టలేదు. అవి నున్నటి కాగితం, తడి తగిలితే రంగు కారుతుందని భయం. నెలల తరబడి, మగ్గం పని అయ్యాక ఇదే పని. ఆరిన పుటలు కొత్త చీరలా గరగరలాడేవి. సాలెవాడలో పెద్దమనిషి బాలయ్య వచ్చి ఒక పుట పట్టుకుని చూసి, “అరె, ఏం బిర్రుగయిందిరా! ఇగ నీ మనుమని మనుమలు గూడ సద్వుతరు పో,” అన్నాడు. పిచ్చోడని నవ్వినవాళ్లందరూ ఆ రోజు మెచ్చుకున్నారు.

ఆ వీధిలో ఒక్కరంటే ఒక్కరికి అనుమానం రాలేదు. ఎలా వస్తుంది? గంజి పెట్టిన బట్ట ఏళ్లకేళ్లు మూసి ఉంచితే ఏమవుతుందో వాళ్లెవరూ ఎరగరు. చీర మగ్గం దిగడం ఆలస్యం, బేరగాడి మూటలోకి పోతుంది. చీరలు నేసేవాళ్ల ఇళ్లలో దాచిన చీరలుండవు.

కథ ముగిసింది. లవంగి, విజయాంకుడు ముత్యాల లోయ చేరారు. తర్వాత కొన్నాళ్లకే పత్రిక ఆగిపోయింది. తిమ్మప్ప మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒక్కటి కూడా తక్కువ కాకుండా, చాలావాటికి రెండేసి, మూడేసి చొప్పున, అన్నీ కూడబెట్టాడు. టేకుపెట్టెలో పేర్చి, చెదలు ఎక్కకుండా రాళ్ల మీద ఎత్తుగా పెట్టి తాళం వేశాడు.

అంతలో యుద్ధం వచ్చిపడింది. ఎక్కడో జర్మనీలో తుపాకి పేలితే గద్వాలలో నూలు మాయమైంది. మగ్గాలు మూలపడ్డాయి. సాలెవాడ మగవాళ్లు కొందరు గోపాల్‌పేట వైపు చేన్లలో కూలికి పోయారు. తిమ్మప్పా పోయాడు. అలవాటు లేని చేతులు బొబ్బలెక్కాయి. కాగితానికి కూడా కరువొచ్చి, కిరాణం కొట్లవాళ్లు పాత కాగితం కోసం ఇల్లిల్లూ తిరిగారు. తిమ్మప్ప ఇంటికీ వచ్చారు. సుగుణమ్మ మెడలోవీ కాళ్లవీ ఒక్కొక్కటే పోయాయి. పొయ్యి మీద అంబలి తప్ప ఇంకేమీ ఉడకడం లేదు.

“పెట్టె తియ్యయ్యా,” అంది ఒకనాడు. “జతలున్నయన్నా అమ్ము. మనం బత్కినంక మల్ల జమ చేద్దువు.”

తిమ్మప్పకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. పెట్టె తెరిస్తే తన చెయ్యే తనను మోసం చేస్తుందని భయపడ్డాడు. ఆ భయంతోనే, “నూలు వాపస్ వచ్చేదాంక గిది తెరిస్తే జమ్ములమ్మ తల్లి మీద ఒట్టు,” అనేశాడు. ఆ తర్వాత రోజుల్లో సుగుణమ్మ అంబలి ముంత అతని ముందు పెట్టేటప్పుడు కూడా మాట్లాడేది కాదు. ఆకలి ఇద్దరిదీ, పట్టుదల మాత్రం అతనిదొక్కడిదే.

యుద్ధం ముగిసిన ఏడాది, నూలు ఇంకా సరిగ్గా రాకముందే, వెంకటన్న ఒక మధ్యాహ్నం ఒక ముసలాయన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. బక్కపల్చటి మనిషి, మాసిన కోటు, చంకలో గొడుగు. రెండడుగులకొకసారి ఆగి దగ్గుతున్నాడు.

“తిమ్మప్పా, ఈయన ఎవరో సెప్పుకో సూద్దాం,” అన్నాడు వెంకటన్న, పెళ్లివారి కబురు తెచ్చినవాడిలా మొహం వెలిగిపోతుంటే.

“నా పేరు చలపతి అండి,” అన్నాడు ముసలాయన. “ఒకప్పుడు వజ్రకేతు అనే పేరుతో కథలు రాసేవాణ్ని.”

తిమ్మప్ప గబగబా ముందుకొచ్చాడు. ఒంగి కాళ్లకు మొక్కాడు. లేచాక మళ్లీ మొక్కాడు. సుగుణమ్మ లోపలి నుంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడి, “నువ్వేనా సామీ, ఆ పిల్లను నెల దినాలు నీళ్లల్ల ముంచి మమ్మల్ని ఏడిపిస్తివి?” అంది. చలపతి ఆమె వంక అయోమయంగా చూశాడు. ఆ చూపు అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు.

మగ్గం పక్కన చాప వేసి కూర్చోబెట్టారు. ఆయన వచ్చిన పని మెల్లగా చెప్పాడు. తను రాసినవేవీ తన దగ్గర లేవు. పత్రిక వచ్చేది, ఎవరో ఒకరు అడిగేవారు, ఇచ్చేసేవాడు. రేపు మళ్లీ రాస్తాం కదా అని ఆ రోజుల్లో ధీమా. పత్రిక వాళ్ల గిడ్డంగిలో ఉన్నవి యుద్ధం రోజుల్లో తూకానికి పోయాయి. ఇప్పుడు మద్రాసులో ఒక పుస్తకాలాయన ‘ముత్యాల లోయ’ మొత్తం తెచ్చిస్తే పుస్తకంగా వేస్తానన్నాడు. చలపతి బెజవాడ తిరిగాడు, గుంటూరు తిరిగాడు, ఎక్కడా ఒక్క కాగితం మిగల్లేదు. కర్నూల్లో దుకాణంవాడు, అన్నీ గద్వాల తిమ్మప్పకే పోయాయని చెప్పి వెంకటన్నను చూపించాడు.

“డాక్టరు నాకు ఎక్కువ రోజులు లేవన్నాడండి,” అన్నాడు చలపతి. “పిల్లా జెల్లా లేరు. బతుకంతా రాసి రాసి, నా పేరున్న పుస్తకం ఒక్కటి కూడా లేదు. ఆ ఒక్కటీ చూసుకుని పోదామని.”

“ఉన్నయి సామీ!” అన్నాడు తిమ్మప్ప. “ఒక్కటి గూడ తక్వ లేదు. మొదలు కెల్లి ఆఖరు దాంక, అన్ని ఉన్నయి.”

చలపతి రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. తిమ్మప్పకు ఆ క్షణంలో తను పడిన ఆకలి, బొబ్బలు, పెళ్లాం మౌనం అన్నీ తీరిపోయినట్టనిపించింది. ఇందుకే కదా దాచింది అనుకున్నాడు. ఈ కథ ఎక్కడెక్కడ ఎవరి దగ్గర చూశాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆత్మకూరు కొట్టువాడు, వనపర్తి పంతులు, నాగర్‌కర్నూలు ఎస్తేరమ్మ, ఎవరినీ వదల్లేదు. చలపతి చిన్నపిల్లాడిలా వింటూ కూర్చున్నాడు.

ఒట్టు సంగతి గుర్తొచ్చి తిమ్మప్ప కాస్త తటపటాయించాడు. “నూలు వచ్చినట్టే అనుకో,” అంది సుగుణమ్మ. “జమ్ములమ్మకు నేను సెప్పుకుంట.” ఆమె పెట్టెకు పసుపు కుంకుమ పెట్టింది. విషయం తెలిసి సాలెవాడంతా వాకిట్లో చేరింది. బాలయ్య ముందు వరుసలో నిలబడ్డాడు. తాళం తుప్పు పట్టి మొరాయించింది, నూనె వేస్తే వచ్చింది.

మూత ఎత్తగానే పైన అట్ట తళతళలాడింది. ఎర్రటి అక్షరాలు, నీలం సముద్రం, కింద వజ్రకేతు అని పేరు. నిన్న అచ్చేసినట్టుంది. చలపతి “అబ్బ!” అన్నాడు. తిమ్మప్ప గర్వంగా రెండు చేతులతో ఆ సంచికను ఎత్తాడు.

బరువు లేదు. ఉత్త చేతులు పైకి లేచినట్టనిపించింది. అట్ట తెరిచాడు. లోపల పుటలు లేవు. బూడిదరంగు పొట్టు జలజలా రాలి చలపతి ఒళ్లో పడింది. కుట్టు దారానికి గోరంత కాగితం ముక్కలు అంటుకుని ఉన్నాయి. చిన్న చిన్న తెల్లటి పురుగులు వెలుతురు తగిలి నలుమూలలా పారిపోయాయి. పెట్టె అడుగు నుంచి బొద్దింకలు బిలబిలమంటూ వచ్చి జనం కాళ్ల మధ్య పడ్డాయి. ఎవరో ఆడమనిషి కెవ్వుమన్నది.

తిమ్మప్ప రెండోది తీశాడు. మూడోది తీశాడు. తర్వాత తీయడం కాదు, లాగి పడేయడమే. ఏది తెరిచినా అదే. గంజి తగలని అట్టలు చెక్కుచెదరలేదు. గంజి పెట్టిన పుట ఒక్కటీ మిగల్లేదు. రెండేసి, మూడేసి దాచిన జతలూ అంతే. అన్నిటికీ సమానంగానే పెట్టాడు కదా గంజి, ఏ ఒక్కదానికీ తక్కువ చెయ్యలేదు.

“గంజి నేనే కాసిస్తి గదయ్యా,” అంది సుగుణమ్మ. “నా చేతులతోటి వాటికి బువ్వ బెట్టిన.” ఆమె గోడకు జారబడి కూర్చుండిపోయింది. ఇంట్లో గింజ లేని రోజుల్లో కూడా ఆమె అలా ఏడవలేదు. బాలయ్య తల దించుకుని అందరికంటే ముందు వాకిలి దాటాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు.

చలపతి ఒళ్లో పడిన పొట్టు దులుపుకోలేదు. అందులో వేలు పెట్టి ఒక అక్షరమైనా కనిపిస్తుందేమో అని వెతుకుతున్నాడు.

“సామీ, నాకు కథ నోటికొస్తది,” అన్నాడు తిమ్మప్ప. “మొత్తం సెప్త. మీరు రాసుకోండ్రి. ఒక్క ముక్క గూడ ఇడ్వకుంట సెప్త.”

చలపతి కోటు జేబులోంచి కాగితాలు, కలం తీశాడు. తిమ్మప్ప మొదలుపెట్టాడు. విజయాంకుడి రాజ్యం ఎలా పోయిందీ, లవంగి అతన్ని ఒడ్డున ఎలా చూసిందీ, శంఖం ఎలా మాట్లాడిందీ. ఎక్కడా తడబడలేదు, ఎక్కడా మరవలేదు. చలపతి రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు. కొంతసేపటికి కలం చాప మీద పెట్టేశాడు.

“ఏం జరిగిందో చెబుతున్నారు మీరు. అది రాస్తే ఒక పేజీ అవుతుందండి, పుస్తకం కాదు. ఆ మాటలు కావాలి. అవి అప్పట్లో ఎలా వచ్చాయో, ఎలా రాశానో...” ఆయన తల అడ్డంగా ఊపాడు. “నిజం చెప్పమంటారా? మీరు చెబుతుంటే నేనే మొదటిసారి వింటున్నట్టుంది. ఆ లవంగి ఎవరో నాకు గుర్తే లేదు.”

తిమ్మప్పకు దుఃఖం తన్నుకొచ్చింది. ఆ పిల్లను ఆమె తండ్రే మరిచిపోయాడు. తను మరవలేదు, అయినా తన దగ్గరా ఆమె లేదు. తలను మగ్గం కొయ్యకు ఆనించి, “నన్ను కొట్టుండ్రి సామీ,” అన్నాడు.

“ఎందుకండీ? నా ఇంట్లో నా భార్య కూడా దాచలేదు, మీరు దాచారు.” చలపతి దగ్గు తెర ఆగాక, ఏదో తట్టినట్టు గబుక్కున ముందుకు ఒంగాడు. కళ్లలో కాస్త వెలుగు వచ్చింది. “అన్నట్టు, ఇందాక చెప్పారు కదూ, వనపర్తిలో ఒక పంతులుగారు బడిలో చదివి వినిపించేవారని? ఆయన దగ్గర ఉంటాయిగా? నేను వెళ్లి కూర్చుని రాసుకుంటాను.”

తిమ్మప్ప తల ఎత్తలేదు.

“ఉండె సామీ. నేనే తెచ్చిన.”

“పోనీ ఆత్మకూరులో?”

“అవిగూడ నేనే తెచ్చిన.”

“నాగర్‌కర్నూల్లో ఆవిడెవరో అన్నారు. మళ్లీ మళ్లీ చదువుకుంటారని... ఆవిడ ఇచ్చి ఉండరు. అంత ఇష్టమైనవాళ్లు ఇవ్వరు కదా?”

తిమ్మప్ప కళ్ల ముందు దవాఖాన అరుగు మెదిలింది. వెనక్కి చూడకుండా లోపలికి పోయిన మనిషి మెదిలింది. ఆమె చేతిలో ఉంచి ఉంటే, నలిగో, చిరిగో, నూనె మరకలతోనో ఇవాళ్టికి అది బతికి ఉండేది. పంతులు బడిలో ఉండేది. ఆత్మకూరు కొట్టులో పొట్లాలుగానైనా నలుగురి ఇళ్లకు పోయి, ఏ ఒక్కరి చూరులోనో ఒక కాగితం మిగిలేది. ఊరూరా తిరిగి, తిట్టి, బతిమాలి, ప్రపంచంలో ఉన్నవన్నీ ఏరుకొచ్చి ఒక్కచోట పెట్టి చంపాడు. ఈ మాట అతనికి ఇప్పుడే, ఈ క్షణంలోనే తెలిసింది.

“ఇయ్యనన్నది సామీ,” అన్నాడు. “నేనే బతిలాడి తెచ్చిన.”

“ఎక్కడా ఒక్కటైనా వదిలిపెట్టలేదా, తిమ్మప్పగారూ?”

“ఒక్కటి గూడ ఇడ్వలే.”

చలపతి కళ్లద్దాలు తీసి తుడుచుకుని జేబులో పెట్టుకున్నాడు. గొడుగు కోసం చుట్టూ చూశాడు. తర్వాత వెంకటన్న వైపు తిరిగి, కర్నూలు రైలు ఎన్ని గంటలకని అడిగాడు.